ఇంట్లోనే బట్టలు కుట్టుకోవడం: తిరుపతి, చిత్తూరు వారు తరచుగా అడిగే ప్రశ్నలు

తమ బట్టలు తామే కుట్టుకుంటే బాగుంటుందని అనిపించిన వారి కోసం ఈ సమాధానాలు. టైలరింగ్‌ను ఉపాధిగా ఎంచుకునేవారికి ఐటీఐలలో కుట్టుపనికి ఏడాది కోర్సు ఉంది. ఆ దారి వేరు, అక్కడి తొందర వేరు. ఇక్కడ ఎవరికీ తొందర లేదు.

ఇంట్లో కుట్టుకుంటే డబ్బు ఆదా అవుతుందా?

మొదటి ఏడాది అవదు. గుడ్డ, లైనింగు, దారాలు, హుక్కులు, కత్తెర అన్నీ లెక్క వేస్తే తగ్గింపు ధరల్లో దొరికే రెడీమేడ్ కుర్తాయే చవక. జాకెట్ల దగ్గర మాత్రం కొంత మిగులుతుంది, ఎందుకంటే ఇప్పుడు లైనింగు జాకెట్టు కుట్టుకూలి చాలాసార్లు గుడ్డ ధరను దాటిపోతోంది.

డబ్బు కోసమే అయితే ఈ పని మొదలుపెట్టకండి. మీ ఒంటికి సరిపోయే బట్ట కావాలనుకుంటే మొదలుపెట్టండి. రెడీమేడ్ దుకాణంలో భుజం సరిపోతే నడుము వదులు, నడుము సరిపోతే చేతులు బిగుతు. ఇక ఆడవారి దుస్తులకు జేబు సంగతి చెప్పనే అక్కర్లేదు. చుడీదార్‌కు జేబు పెట్టమని అడిగితే "ఎందుకమ్మా, షేపు పోతుంది" అని టైలరు తేల్చేస్తాడు. మీరే కుట్టుకుంటే ఫోను మొత్తం పట్టేంత జేబు పెట్టుకోవచ్చు, అడిగేవారు ఉండరు.

ఏ మిషన్ కొనాలి?

కొనే ముందు ఇంట్లోనో, అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళోనో అటక మీదో మూలనో పాత నల్లటి కాలు మిషన్ ఉందేమో అడగండి. ఉంటే అదే మీ మిషన్. ఉషా, సింగర్, మెరిట్ లాంటి పాత ఇనుప మిషన్లకు సూదులు, కింది దారం చుట్టే బాబిన్లు, తోలు బెల్టు ఇప్పటికీ ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. బాగుచేసేవారూ ఉన్నారు. కరెంటు అక్కర్లేదు, జీన్స్ గుడ్డకు కూడా వెనుకాడదు. చెక్క బల్లకు చెదలు పట్టి ఉంటే బల్ల ఒక్కటే మార్చుకోవచ్చు.

దాని లోటు ఏమిటంటే, నేరు కుట్టు తప్ప మరొకటి రాదు. జిగ్‌జాగ్, కాజాలు కావాలంటే చేత్తో కుట్టుకోవాలి. కాలు తొక్కడం అలవాటు కావడానికి కూడా కొంత సమయం పడుతుంది. దారం ఎక్కించకుండా, గీతల నోటుపుస్తకం కాగితాన్ని మిషన్ పాదం (సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టేది) కింద పెట్టి గీత మీదే సూది పడేలా తొక్కడం అందరికీ తెలిసిన సాధన, ఇంతకంటే మంచిది లేదు. చక్రం ఎప్పుడూ మన వైపే తిరగాలి. వెనక్కి తిరిగిందంటే దారం చిక్కుపడుతుంది లేదా తెగుతుంది.

అపార్ట్‌మెంటులో చోటు లేనివారికి చిన్న ఎలక్ట్రిక్ జిగ్‌జాగ్ మిషన్ మంచిది. కుట్లు పది రకాలు చాలు. నూట ఇరవై రకాల కుట్లున్న మిషన్ కొన్నవారు కూడా చివరకు వాడేది మూడే: నేరు కుట్టు, జిగ్‌జాగ్, కాజా.

ఆన్‌లైన్‌లో బొమ్మ ధరకు వచ్చే అరచేతి మిషన్లు కొనవద్దు. అవి కుట్టు నేర్పవు, కుట్టు మీద విరక్తి నేర్పుతాయి.

పాత మిషన్ కొంటుంటే చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. మధ్యలో పట్టేయకూడదు. సూది బిగించి ఉండే కడ్డీ పక్కకు ఊగకూడదు. రెండు మడతల కాటన్ ముక్క మీద కుట్టి, పైనా కిందా కుట్టు ఒకేలా వస్తుందో లేదో చూసి గానీ డబ్బు ఇవ్వకండి.

మిషన్ కాకుండా ఇంకేమి కావాలి?

గుడ్డకు మాత్రమే వాడే కత్తెర ఒకటి. దానితో కాగితం కోయకూడదు, పాల ప్యాకెట్టు అసలే కోయకూడదు. ఇంట్లో అందరికీ ఒకసారి గట్టిగా చెప్పి, వీలైతే దాచేయండి. టేపు, సుద్ద, గుండుసూదులు, తప్పు కుట్లు విప్పే చిన్న పరికరం. పాత టేపులు సాగిపోతాయి కాబట్టి స్టీలు స్కేలు పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోండి.

అందరూ మరచిపోయేది ఇస్త్రీ పెట్టె. ప్రతి కుట్టు వేశాక దాన్ని విప్పదీసి ఇస్త్రీ చేసి, తరువాతి కుట్టుకు వెళ్ళాలి. ఇంట్లో కుట్టిన బట్ట ఇంట్లో కుట్టినట్టే కనబడుతోందని బాధపడేవారిలో ఎక్కువ మంది ఈ పనిని చివర ఒక్కసారే చేస్తారు. మే నెలలో తిరుపతి ఎండకు ఇస్త్రీ పెట్టె పక్కన కూర్చోవడం కష్టమే. ఆ నెలల్లో తెల్లవారుజామున చేసుకోవాలి, లేదా ఆ నెలల్లో కత్తిరింపుతో సరిపెట్టుకోవాలి.

మొదట జాకెట్టు కుట్టవచ్చా?

వద్దు. మన ఊళ్ళలో మిషన్ కొన్న ప్రతివారూ మొదట జాకెట్టు దగ్గరకే వెళతారు, నెల తిరిగేసరికి మిషన్ మీద దుప్పటి కప్పేస్తారు. జాకెట్టు ఒంటికి అంటుకుని ఉండే దుస్తు. అర అంగుళం తేడా వస్తే చంక దగ్గర పట్టేస్తుంది, భుజం జారుతుంది, టక్కు (ఒంటి వంపుకు సరిపోయేలా గుడ్డను మడిచి వేసే కుట్టు) ఉండాల్సిన చోట ఉండదు. చిన్న ముక్కలు, వంపు కుట్లు, చేతి గుండ్రం, హుక్కుల పట్టీ, కాజాల పట్టీ, అన్నీ ఒకే దానిలో.

దిండు గలీబుతో మొదలుపెట్టండి. అన్నీ నేరు కుట్లే. తరువాత చేతిసంచి. ఆపైన చీర లోపలి లంగా: ఇక్కడ పొడవాటి కుట్లు, బొందు దూర్చే మడత, కింద అంచు మడత వస్తాయి. ఎవరికీ కనబడదు కాబట్టి ధైర్యంగా కుట్టవచ్చు. తరువాత నైటీ. నైటీ చాలా దయగలది, రెండు అంగుళాలు అటూ ఇటూ అయినా ఏమీ అనదు, పైగా మెడ, చేతులు అతికించడం నేర్పుతుంది. ఆ తరువాత కుర్తా, చిన్నపిల్లల గౌను. వీటన్నిటి తరువాతే జాకెట్టు.

గుడ్డ ఎక్కడ కొనాలి?

తిరుపతిలో గాంధీ రోడ్డు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులు. చిత్తూరులో బజారు వీధి. నేర్చుకునే రోజుల్లో ఇంతకంటే దూరం వెళ్ళనవసరం లేదు. తానుల చివర మిగిలిన కట్ పీసులు ఎక్కడ అమ్ముతారో చూసుకోండి, సాధనకు అవే మేలు. పెళ్ళి బట్టలకు చెన్నై షావుకారుపేట వెళ్ళే బంధువులు ఉంటే లేసులు, గుండీలు వారికి చెప్పి తెప్పించుకోవచ్చు.

మన చుట్టూ నేత ఊళ్ళు ఉన్నాయన్న సంగతి మనకే గుర్తుండదు. చెన్నై వెళ్ళే దారిలో పుత్తూరు, నగరి మరమగ్గాల ఊళ్ళు, నారాయణవనం నేతకారుల ఊరు, శ్రీకాళహస్తి కలంకారికి పుట్టిల్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక వెంకటగిరి కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది.

దుకాణంలో ధర కంటే ముందు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అడగండి. 36 అంగుళాల పన్నా గుడ్డ చవకగా కనబడుతుంది, కానీ 44 అంగుళాల దానికంటే ఎక్కువ మీటర్లు పడుతుంది. కాటన్ అని చెప్పి పాలిస్టర్ కలిపినది ఇచ్చారేమోనని అనుమానం ఉంటే, ఇంటికి వచ్చాక రెండు పోగులు లాగి కాల్చి చూడండి. కాటన్ కాగితంలా మండి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. ఈ పరీక్ష కొట్టువాడి ముందు చేయకపోవడమే మర్యాద.

దేనికి ఎంత గుడ్డ?

మామూలు ఒంటికి సుమారుగా: జాకెట్టుకు 80 సెంటీమీటర్ల నుంచి మీటరు, చీర లోపలి లంగాకు రెండు నుంచి రెండున్నర మీటర్లు, మోకాలు దాటే కుర్తాకు రెండున్నర, నైటీకి మూడు. గళ్ళు, చారలు, పెద్ద పూలు ఉంటే పావు మీటరు అదనం, ఎందుకంటే పక్క కుట్టు దగ్గర గళ్ళు కలవాలి. కలవకపోతే ఎవరూ పట్టించుకోరని మీరే సర్దిచెప్పుకోవాలి, కానీ మీ కన్ను ప్రతిసారీ అక్కడికే వెళుతుంది.

కొన్న గుడ్డను తడిపే కత్తిరించాలా?

కాటన్ అయితే తప్పకుండా. మీటరుకు మూడు నాలుగు సెంటీమీటర్లు కుదించుకుపోవడం మామూలే. రాత్రి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, కొంచెం తేమ ఉండగానే ఇస్త్రీ చేయండి. గంజి కూడా వదులుతుంది, గుడ్డ అసలు మెత్తదనం అప్పుడు తెలుస్తుంది. లైనింగు గుడ్డను తడపకపోతే ఇంకా ప్రమాదం: పై గుడ్డ అలాగే ఉండి లోపలిది కుదించుకుపోతే జాకెట్టు అంతా ముడతలు పడుతుంది. పట్టు, జరీ గుడ్డలను మాత్రం తడపవద్దు.

కొలతలు ఎలా తీసుకోవాలి?

రెండు దారులు ఉన్నాయి. సరిగ్గా సరిపోయే బట్ట ఒకటి ఉంటే దాన్నే ఆదిగా పెట్టుకోవడం సులువైన దారి. టైలరుకు ఆది జాకెట్టు ఇస్తాం కదా, అదే మనకు మనం ఇచ్చుకుంటున్నామన్నమాట. ఆది బట్టను ఇస్త్రీ చేసి, నడిమికి మడిచి, కాగితం మీద పరచి అంచులు గీయండి. కుట్టు కోసం చుట్టూ అర అంగుళం, పక్కల్లో అంగుళంన్నర వదలండి. పక్కల్లో వదిలినది వృథా కాదు, ఒళ్ళు మారినప్పుడు విప్పుకోవడానికి.

ఆది చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి. పాత జాకెట్టు ఎప్పుడో సాగి ఉండవచ్చు, భుజం మొదటి నుంచీ జారుతూ ఉండి మీరు సర్దుకుంటూ ఉండవచ్చు. అందుకే ఒంటి కొలత కూడా తీసుకోవాలి. దీనికి మరో మనిషి కావాలి. తన చంక చుట్టు తానే కొలుచుకుంటే చేయి ఎత్తక తప్పదు, ఎత్తితే కొలత మారిపోతుంది. లోపల వేసుకునేవి వేసుకుని, ఊపిరి మామూలుగా వదిలి నిలబడండి. టేపు నేలకు సమాంతరంగా, రెండు వేళ్ళు దూరేంత వదులుగా ఉండాలి.

జాకెట్టుకు ముఖ్యమైనవి: భుజం, ఛాతీ పైచుట్టు, ఛాతీ చుట్టు, నడుము చుట్టు, భుజం నుంచి టక్కు మొనకు దూరం, ముందు పొడవు, వెనుక పొడవు, చంక చుట్టు, చేతి పొడవు, చేతి చుట్టు, మెడ లోతు. ఛాతీ పైచుట్టుకూ ఛాతీ చుట్టుకూ తేడా ఎక్కువ ఉన్నవారికి పెద్ద టక్కులు కావాలి. ఛాతీ చుట్టు కొలత ఒక్కదానితోనే కత్తిరించేస్తే భుజం, మెడ వదులై జారుతుంటాయి. మెడ జారే జాకెట్లలో చాలావాటి జబ్బు ఇదే, మెడ లోతు కాదు.

కొలత యథాతథంగా కత్తిరించకూడదు. జాకెట్టుకు ఛాతీ దగ్గర అంగుళం నుంచి రెండు, కుర్తాకు మూడు నాలుగు అంగుళాల వదులు కలపాలి. కలపకపోతే నిలబడినప్పుడు బాగుంటుంది, ఆటో ఎక్కినప్పుడు తెలుస్తుంది.

కొత్త కటింగు ఏదైనా ముందు పాత దుప్పటి మీద కత్తిరించి, పెద్ద కుట్లతో అతికించి వేసుకుని చూడండి. దీన్ని సమయం వృథా అనుకునేవారు తరువాత మంచి గుడ్డ వృథా చేస్తారు.

గుడ్డ కొంచెం మిగలాలని ముక్కల్ని అడ్డంగా తిప్పి కత్తిరించవచ్చా?

కుర్తా, జాకెట్టు, ప్యాంటు లాంటివాటికి పడుగు పోగులు, అంటే తాను పొడవునా వెళ్ళేవి, ఒంటి మీద నిలువుగా రావాలి. పేక పోగులు, అంటే అడ్డంగా వెళ్ళేవి, కాస్త సాగుతాయి. వాటిని నిలువుగా పెడితే నాలుగు ఉతుకులకు బట్ట వేలాడుతుంది. ఐమూలగా కత్తిరిస్తే గుడ్డ బాగా సాగుతుంది. మెడకు పైపింగు పట్టీని అలా ఐమూలగానే తీస్తారు, వంపు దగ్గర ముడత పడకుండా తిరిగేది అందుకే.

దారం తెగుతోంది, గుడ్డ కింద ఉండలు కడుతోంది. మిషన్ పాడైందా?

దాదాపు ఎప్పుడూ పాడవదు. మిస్త్రీని పిలిచే ముందు ఈ వరుసలో చూడండి.

కింద ఉండలు కడుతుంటే అందరూ బాబిన్‌ను తిడతారు, కానీ తప్పు పై దారానిది. పాదం పైకెత్తి, పై దారం మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించండి. పాదం దించి ఎక్కిస్తే దారం బిగువును సరిచేసే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు వెళ్ళదు. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

తరువాత సూది. సూదికి ఒక వైపు పొడవాటి గాడి ఉంటుంది, దారం ఆ గాడి ఉన్న వైపు నుంచే దూర్చాలి. సూదిని పైదాకా నెట్టి మర బిగించాలి. మొన అరిగినా, కొంచెం వంగినా కుట్లు వదిలేస్తుంది. సూది ఖరీదు ఎంతని? రెండు మూడు బట్టలకొకసారి మార్చేయండి. పల్చటి కాటన్, జార్జెట్‌కు 11, మామూలు గుడ్డకు 14, జీన్స్‌కు 16 నంబరు.

అప్పటికీ కుదరకపోతే టెన్షన్. పై దారం గుడ్డ కింద ఉచ్చులుగా కనబడితే పైన బిగించాలి. కింది దారం పైకి లాగినట్టు చుక్కలుగా కనబడితే పైన వదులు చేయాలి. బాబిన్ కేసు మీది చిన్న మరను మాత్రం ముట్టుకోకండి.

ఆ తరువాత శుభ్రం. గుడ్డను ముందుకు జరిపే పళ్ళ మీది పలక విప్పి చూస్తే నెలల తరబడి పేరుకున్న నూలు పొట్టు ఉంటుంది. బ్రష్షుతో తీసి, మిషన్ నూనె చుక్కలు వేసి, పనికిరాని గుడ్డ మీద కాసేపు కుట్టండి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్ళకు జిగురై మిషన్ బిగుసుకుపోతుంది. దారం కూడా చూసుకోవాలి. ఎప్పటిదో తాతల నాటి రీలును చేత్తో లాగితే పుటుక్కున తెగుతుంటే, మిషన్ మాత్రం ఏం చేస్తుంది?

ఓవర్‌లాక్ మిషన్ లేదు. లోపలి అంచులు పోగులు ఊడకుండా ఏం చేయాలి?

పల్చటి గుడ్డకు మడత కుట్టు. ముందు రెండు ముక్కల వెనుక వైపులు కలిపి, అంటే మంచి వైపు మనకు కనబడేలా పెట్టి, అంచు నుంచి పావు అంగుళంలో ఒక కుట్టు వేయాలి. అంచును సన్నగా కత్తిరించి, గుడ్డను తిప్పి, ఈసారి మంచి వైపులు లోపలికి వచ్చేలా మడిచి ఇస్త్రీ చేసి, అంచు నుంచి పావు అంగుళం కంటే కాస్త ఎక్కువలో రెండో కుట్టు. పోగులన్నీ మడత లోపల ఉండిపోతాయి. లోపలి వైపు కూడా బయటి అంత అందంగా ఉంటుంది. దుకాణపు ఓవర్‌లాక్ కంటే నాకు ఇదే ఇష్టం. దళసరి గుడ్డకు ఇది పనికిరాదు, ఉబ్బెత్తుగా వస్తుంది. అక్కడ అంచులకు జిగ్‌జాగ్ వేయండి లేదా పీకో చేసే కొట్టులో ఇచ్చి ఓవర్‌లాక్ చేయించుకోండి.

వెంకటగిరి చీరలోని జాకెట్టు ముక్కను ఇంట్లో కుట్టవచ్చా?

చేయి కుదిరాక. అంత సన్నటి నేత మీద తప్పు కుట్టు విప్పితే రంధ్రాలు మిగిలిపోతాయి. కొత్త 11 నంబరు సూది, సన్న దారం, చిన్న కుట్టు. పళ్ళు గుడ్డను కిందికి లాగేస్తుంటే కింద పల్చటి కాగితం పట్టీ పెట్టి కుట్టి, తరువాత చింపేయండి. లైనింగు తప్పనిసరి. జరీ అంచు మీద నేరుగా ఇస్త్రీ పెట్టకుండా పైన పాత పంచె ముక్క వేయండి.

కలంకారి గుడ్డతో కుర్తా కుట్టాలంటే?

ముందు ఏ కలంకారి అన్నది చూసుకోండి. శ్రీకాళహస్తిది కలంతో చేత్తో గీసినది: గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, వెదురు కలంతో బొమ్మ గీస్తారు, నల్ల రంగు ఇనుము, బెల్లం పులియబెట్టి తీసినది. మచిలీపట్నం దగ్గరి పెడనది అచ్చులతో అద్దినది. బజారులో చవకగా దొరికేవాటిలో చాలావరకు ఈ రెండూ కావు, ప్రింటు మాత్రమే. ప్రింటు గుడ్డతో నేర్చుకోండి, అసలైనది తరువాత.

గీసిన కలంకారిలో మొదటి పని కత్తెర పట్టడం కాదు, గుడ్డను నేల మీద పరచి చూడటం. ఏ బొమ్మ ఎక్కడ పడుతుందో కాగితం ముక్కల్ని పైన పెట్టి నిర్ణయించుకోవాలి. ముఖం మధ్యలో టక్కు పడకూడదు. నెమలి మెడ పక్క కుట్టులోకి పోకూడదు. దేవతా మూర్తులున్న గుడ్డను ప్యాంటుకు, కూర్చుంటే కిందపడే భాగాలకు వాడకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు, ఊరుకోకపోవడమూ సబబే. అలాంటి బొమ్మలు వీపు మీద, లేదా పైకండువాలోనే అందం. చల్లటి నీళ్ళలో విడిగా ఉతికి, నీడలో ఆరేయాలి.

తిరుమల సేవకు వేసుకునే బట్టలు కుట్టుకోవచ్చా?

హాయిగా. ఆర్జిత సేవలకు మగవారు పంచె, ఉత్తరీయం లేదా కుర్తా పైజామా. ఆడవారు చీర, లంగా ఓణీ లేదా చున్నీతో చుడీదార్. వీటిలో కుర్తా పైజామా కొత్తవారికి చక్కటి పని. పైజామా కాళ్ళు కలిసే చోట చదరపు ముక్క అతికించి రెండు వరుసల కుట్టు వేయండి. అలిపిరి దారిలో 3550 మెట్లు ఎక్కేవారికి మొదట చిరిగేది అక్కడే. క్యూలో గంటలు గడుస్తాయి కాబట్టి కాటన్ తప్ప మరొకటి వద్దు, కుర్తాకు లోపలి జేబు మరచిపోవద్దు.

గంగమ్మ జాతరకు పిల్లాడికి వేషం కుట్టాలి. వారమే ఉంది!

వారం ఎక్కువే. బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాల్లో ఏ రోజు ఏదో ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుసుకోండి. కుట్టు మాత్రం చాలా సులువు: నడుముకు ఎలాస్టిక్, పక్కల్లో పెద్ద కుట్లు, గుండీలకు బదులు బొందులు. ఆడవేషం కట్టే మగపిల్లలకు జాకెట్టును వెనుక బొందులతో కట్టేలా చేస్తే కొలత బెంగ ఉండదు. మే నెల ఎండలో, జనంలో ఎవరూ మీ కుట్టు సొగసు చూడరు. భయం లేకుండా చేయి తిరగడానికి ఇంతకంటే మంచి అవకాశం ఏడాదిలో మళ్ళీ రాదు.

పాత పట్టుచీరతో పాపకు లంగా కుట్టవచ్చా?

కుట్టవచ్చు, కానీ ముందు చీరను వెలుతురుకు పట్టి చూడండి. మడతలు పడినచోట్ల పట్టు చీలి ఉంటుంది. ఆ భాగాలు వదిలేసి, చెంగు వైపు నుంచి తీసుకోండి. లంగా పొడవు కావలసినదానికంటే ఆరు అంగుళాలు ఎక్కువ పెట్టి, అంచు పైన లోపలికి రెండు మూడు అడ్డ మడతల టక్కులు వేయండి. పాప ఎదిగేకొద్దీ ఒక్కో టక్కు విప్పుకోవచ్చు. నడుము దగ్గర కూడా కుచ్చిళ్ళలోనే గుడ్డ దాచండి. పట్టుకు కాటన్ దారం కాక సన్నటి పాలిస్టర్ దారం వాడినా ఫరవాలేదు, కానీ కుట్టు మరీ బిగుతుగా ఉంటే పట్టునే కోసేస్తుంది.

మగవారు నేర్చుకోవచ్చా?

వీధిలోని టైలర్లు ఎవరనుకుంటున్నారు?

చుట్టుపక్కల వాళ్ళు అప్పుడే "మాకూ ఒకటి కుట్టిపెట్టు" అంటున్నారు. ఎలా తప్పించుకోవాలి?

ఒకరికి ఒప్పుకుంటే వీధంతా ఒప్పుకున్నట్టే. ముఖ్యంగా "ఫాల్స్ ఒక్కటే కదా" అనేవారి దగ్గర జాగ్రత్త. ఆ వారమే మీ గుమ్మం ముందు సంచుల్లో చీరలు వచ్చి చేరతాయి, శ్రావణమాసం అయితే మరీనూ. దగ్గరివారైతే గుడ్డ తెచ్చుకుని మీ ఇంట్లోనే కూర్చుని కుట్టుకోమనండి. మిషన్ మీది, పని వారిది. ఆ మాట వినగానే చాలామందికి పాత టైలరు గుర్తుకొస్తాడు. మిగిలిన ఒకరిద్దరు నిజంగానే వచ్చి కూర్చుంటారు, మీ చంక చుట్టు కొలవడానికి మనిషి దొరికినట్టే.